గాలి పరీక్షలో అన్నీ పరిమితి లోపే అన్నారు, మరి ఈ కంపు ఎక్కడిది?

ప్రశ్న: మా ఊరు పేపరు మిల్లుకు కిలోమీటరున్నర దూరం. రాత్రి పది దాటితే కుళ్ళిన కోడిగుడ్ల కంపు. కిటికీలు మూసుకున్నా ఆగదు. పూజగదిలో వెండి కుందులు తోమిన వారానికే నల్లబడుతున్నాయి. మా చిన్నబాబుకు ఆయాసం. కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేస్తే ఒకరోజు పగటిపూట బండి తెచ్చి పెట్టి, అన్నీ పరిమితి లోపే ఉన్నాయని రాసిచ్చారు. ఆ నివేదిక నకలు జతచేస్తున్నాను. మా మరిది ఆ మిల్లులోనే కాంట్రాక్టు కార్మికుడు. మిల్లు మూతపడాలని మేము కోరుకోవడం లేదు. కేసు వేస్తే నిలుస్తుందా? యజమానికి జైలు శిక్ష పడుతుందంటున్నారు, నిజమేనా? (పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీరు పంపిన నివేదికను రెండుసార్లు చదివాను. అందులో ఉన్నవి నాలుగే వరుసలు: సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, రెండు రకాల ధూళి. మీరు ఫిర్యాదు చేసిన కంపుకు కారణమైన వాయువు ఆ కాగితంలో ఎక్కడా లేదు. దాన్ని కొలవనే లేదు.

కర్రను గుజ్జు చేసే మిల్లులు చాలావరకు చెక్కముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన ద్రవంలో ఉడికిస్తాయి. ఆ ఉడకబెట్టడంలోనే హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టాన్ వంటి గంధక వాయువులు పుడతాయి. మిగిలిన నల్లటి ద్రవాన్ని చిక్కబరిచేటప్పుడు, రసాయనాలను తిరిగి రాబట్టే రికవరీ బాయిలర్‌లో కాల్చేటప్పుడు కూడా ఇవి వెలువడతాయి. గాలిలో అతి స్వల్పంగా ఉన్నా ముక్కు వీటిని పసిగడుతుంది. రాత్రి నేల చల్లబడ్డాక గాలి పైకి లేవదు కనుక కంపు ఊరిమీదే నిలుస్తుంది. అందుకే పగటి పరీక్ష మీకు ఉపయోగపడలేదు. మీ వెండి కుందులు నల్లబడటం చిన్న విషయం కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే వెండి మీద నల్లటి పొర కడుతుంది. ఇకమీదట వాటిని తోమిన తేదీ, నల్లబడిన తేదీ రాసిపెట్టండి.

ఇప్పుడు చట్టం సంగతి. 2009 నవంబరులో ప్రకటించిన జాతీయ గాలి నాణ్యత ప్రమాణాలలో 12 కాలుష్యకాలున్నాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ వాటిలో లేదు. మండలి బండి ఊళ్ళోకి వచ్చి ఈ జాబితా ప్రకారం కొలిచినంతకాలం ‘పరిమితి లోపే’ అన్న జవాబే వస్తుంది. కానీ మిల్లు చిమ్నీకి వేరే ప్రమాణం ఉంది. ఏడాదికి 24,000 టన్నులకు మించిన సామర్థ్యం ఉన్న గుజ్జు, కాగితం మిల్లులకు పర్యావరణ పరిరక్షణ నిబంధనలు హైడ్రోజన్ సల్ఫైడ్ పరిమితిని ఘనపు మీటరుకు 10 మిల్లీగ్రాములుగా నిర్ణయించాయి. మీరు నిలదీయవలసింది అక్కడ. ఊరి గాలి దగ్గర వాదన పెట్టుకుంటే ఓడిపోతారు.

అంతకంటే బలమైన ఆయుధం మిల్లు దగ్గరే ఉన్న అనుమతి పత్రం. 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టం 21వ సెక్షను ప్రకారం మండలి అనుమతి లేనిదే మిల్లు నడవకూడదు. అందులో రాసిన ప్రతి షరతునూ మిల్లు పాటించి తీరాలి. దుర్వాసన వాయువులను పట్టి లైమ్ కిల్న్‌లోనో (సున్నం బట్టీ) బాయిలర్‌లోనో కాల్చాలన్నది పెద్ద మిల్లుల విషయంలో 2003లో కేంద్ర మండలి, పరిశ్రమ కలిసి ఒప్పుకున్న బాధ్యతే. మీ మిల్లు అనుమతిలో అది ఏ మాటల్లో ఉందో చూడాలి. ‘వాసన వస్తోంది’ అంటే అధికారి మీ మాట, మిల్లు మాట పక్కపక్కన పెట్టి ఊరుకుంటారు. ‘అనుమతిలోని ఫలానా షరతు ఫలానా తేదీల్లో అమలు కాలేదు’ అంటే రాతపూర్వకంగా జవాబు చెప్పక తప్పదు.

కనుక ముందు పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అమల్లో ఉన్న అనుమతి ఉత్తర్వు పూర్తి షరతులతో, గత మూడేళ్ళ చిమ్నీ పరీక్షల నివేదికలు, ఆన్‌లైన్ పర్యవేక్షణ యంత్రాల గణాంకాలు, మిల్లుకు ఇచ్చిన షోకాజ్ నోటీసులు అడగండి. ఏటా సెప్టెంబరు 30 లోగా మిల్లు మండలికి సమర్పించే పర్యావరణ నివేదికను కూడా అడగండి. ముప్ఫై రోజుల్లో ఇవ్వకపోతే మొదటి అప్పీలు. వ్యాపార రహస్యం అంటే ఒప్పుకోవద్దు. ప్రజలు పీల్చే గాలి మీద ప్రభుత్వ సంస్థ పెట్టిన షరతులు రహస్యమెలా అవుతాయి?

ఈలోగా ఊళ్ళో ఒక దినచర్య పుస్తకం మొదలుపెట్టండి. చాలా ఏళ్ళ కిందట నా దగ్గరకు ఇలాంటి సమస్యతోనే వచ్చిన ఒక ఊరి మహిళలు సంతకాలతో నింపిన వినతిపత్రాలు కట్టలుగా తెచ్చారు. వాటిలో ఒక్క తేదీ లేదు. కేసును నిలబెట్టింది వారిలో ఒక అంగన్‌వాడీ టీచరు హాజరు పట్టీ అంచున పెన్సిలుతో రాసుకున్న మాటలు: ‘తెల్లవారుజామున వాసన. ఇద్దరు పిల్లలు వాంతి.’ మీరూ అలాగే తేదీ, గంట, గాలి ఎటు వీచిందో, ఎవరికి ఏమైందో రాయండి. కనీసం మూడు ఇళ్ళవాళ్ళు విడివిడిగా రాయాలి. బాబును ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళిన ప్రతిసారీ ఓపీ చీటీ దాచండి. ఆయాసం ఎప్పుడు మొదలైందో డాక్టరుతో రాయించండి. కొందరు దుకాణంలో గాలి మీటరు కొని ఫొటోలు పంపుతుంటారు. అవి ఎక్కువగా ధూళిని కొలిచేవే. ఆ డబ్బు బాబు మందులకు ఉంచుకోండి.

ఎక్కడికి వెళ్ళాలంటే, సివిల్ కోర్టు వద్దు. ఇలాంటి వివాదాలను 2010 నాటి చట్టం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పగించి, సివిల్ కోర్టుల అధికారాన్ని తొలగించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ట్రిబ్యునల్ బెంచి చెన్నైలో ఉంది. నష్టపరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలు. అడిగితే ఆ మొత్తంలో ఒక శాతం, కనీసం వెయ్యి. జాగ్రత్త పడవలసింది గడువు దగ్గర. 14వ సెక్షను కింద, వివాదానికి కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలలు. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. ‘మొదట’ అన్న ఆ ఒక్క మాట ఎన్నో మంచి కేసులను మింగేసింది. ఏళ్ళుగా వాసన పీలుస్తున్నామని మొదటి పేరాలోనే రాస్తే మిల్లు న్యాయవాది అక్కడే పట్టుకుంటారు. అనుమతి పునరుద్ధరణ, కొత్త యంత్రం, సామర్థ్యం పెంపు వంటి తాజా ఘటన ఏదైనా ఉందేమో ఆ పత్రాల్లో వెతకమంటున్నది ఇందుకే. నష్టపరిహారానికి, పర్యావరణ పునరుద్ధరణకు 15వ సెక్షను అయిదేళ్ళ గడువు ఇస్తుంది. రెండూ కలిపి అడగండి.

అంతదూరం వెళ్ళేలోపు ఆర్డీవోకు ఫిర్యాదు చేయవచ్చు. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షను, ప్రజలకు బాధ కలిగించే దాన్ని తొలగించమని ఆదేశించే అధికారం ఆయనకు ఇస్తుంది. వాయు చట్టం వచ్చాక ఈ అధికారం పోయిందన్న వాదనను సుప్రీంకోర్టు 2003లో కేడియా లెదర్ కేసులో తోసిపుచ్చింది. గ్రామ పంచాయతీ తీర్మానం జతచేస్తే ఫిర్యాదుకు బరువు వస్తుంది.

జైలు మాటకు వస్తే, మీరు విన్నది పాత చట్టం. వాయు చట్టానికి జన విశ్వాస్ చట్టం చేసిన సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక, పరిమితి మించి వదిలినందుకు శిక్ష 10,000 నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా. పెద్ద మిల్లుకు ఇది పెద్ద మొత్తం కాదని నాకూ బాధగానే ఉంది. అయితే కరెంటు, నీరు ఆపమని, యూనిట్ మూయమని ఆదేశించే అధికారం వాయు చట్టం 31ఎ సెక్షను కింద మండలికి అలాగే ఉంది. మిల్లు యాజమాన్యం భయపడేది దానికే.

మీ మరిది ఉద్యోగం గురించి మీ భయం న్యాయమైనదే. అందుకే మీ ప్రార్థనలో, అంటే ట్రిబ్యునల్‌ను ఏం ఆదేశించమని కోరుతున్నారో చెప్పే భాగంలో, మూసివేత అడగకండి. ‘దుర్వాసన వాయువులను పట్టి కాల్చే ఏర్పాటు ఇరవైనాలుగు గంటలూ పనిచేయాలి, అది ఆగిన ప్రతిసారీ రాత్రివేళ చిమ్నీ పరీక్ష జరగాలి’ అని అడగండి. కార్మికులు కూడా ఆ గాలే పీలుస్తున్నారు. దరఖాస్తుదారులుగా మిల్లుతో సంబంధం లేని ఇళ్ళవాళ్ళు ముందుండాలి. మహిళ కనుక మీకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. అనుమతి ఉత్తర్వు చేతికి రాగానే షరతుల పేజీలు నాకు పంపండి. ప్రార్థన ఎలా రాయాలో అవి చూసి చెబుతాను.