లేజర్ ప్రింటర్లు, జిరాక్స్ మెషిన్ల వల్ల గదిలో గాలి పాడవుతుందా? దాన్ని ఎలా కొలుస్తారు?

పాడవుతుంది. పాత జిరాక్స్ మెషిన్ దగ్గర ముక్కుకు తగిలే ఘాటు వాసన ఓజోన్‌ది. మెషిన్ లోపల విద్యుత్ ఛార్జ్ ఇచ్చే హై వోల్టేజి తీగ (కరోనా తీగ అంటారు) దగ్గర అది పుడుతుంది. కొత్తవాటిలో ఆ తీగ బదులు ఛార్జ్ రోలర్ వచ్చాక బాగా తగ్గింది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది కంటికి కనబడనిది: టోనర్‌ను, అంటే సిరా పొడిని, కాగితానికి అతికించే ఫ్యూజర్ వేడికి స్టైరిన్ లాంటి రసాయనాల ఆవిర్లు లేస్తాయి. కొన్ని ఆవిర్లు చల్లబడి 0.1 మైక్రాన్ (మిల్లీమీటరులో పదివేలవ వంతు) కంటే చిన్న కణాలవుతాయి.

కొలతకు ఐఎస్ఓ/ఐఈసీ 28360 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. శుభ్రమైన గాలి పంపే మూసిన ఛాంబర్‌లో మెషిన్ పెట్టి, ప్రింట్లు తీయిస్తూ, ఏ పదార్థం గంటకు ఎంత వెలువడుతోందో లెక్కగడతారు. కొనేటప్పుడు పర్యావరణానికి తక్కువ హాని చేసే వస్తువులకు జర్మనీవాళ్ళు ఇచ్చే బ్లూ ఏంజెల్ గుర్తు ఉందేమో చూడండి. ఇరుకు షాపులో పొద్దంతా మెషిన్ పక్కనే నిలబడే కుర్రాళ్ళ కోసమైనా ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. ఏసీ ఉందిగా అనుకోకండి, స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే మళ్ళీ తిప్పుతుంది.