మిలటరీలో పనిచేసి, పిల్లలకు ఆట నేర్పిన నాన్న గురించి సభలో ఏం చెప్పాలి?

మీ నాన్నగారు సైన్యంలో పనిచేసి వచ్చారని, ఆ తర్వాత చాలా ఏళ్లు పిల్లలకు కోచ్‌గా ఉన్నారని, వచ్చే వారం ఆయన సంస్మరణ సభలో మాట్లాడాల్సి ఉండగా కాగితం ముందు కూర్చుంటే ఒక్క వాక్యం కూడా రావడం లేదని రాశారు. మూడేళ్ల కిందట నేనూ అలాగే కూర్చున్నాను. మా నాన్నదీ అదే దారి. పద్దెనిమిదేళ్లు మిలటరీ, ఆ తర్వాత ఇరవై రెండేళ్లు పిల్లలకు వాలీబాల్ నేర్పడం. అందుకే నాకు తెలిసింది చెబుతున్నాను.

నేను మొదట రాసింది ఇలా ఉంది: ఎప్పుడు చేరారు, ఎక్కడెక్కడ పనిచేశారు, ఏ హోదాలో రిటైరయ్యారు, ఎన్ని పతకాలు, ఆయన టీములు ఎన్ని కప్పులు గెలిచాయి. రెండు పేజీలు. అమ్మకు చదివి వినిపించాను. చివరిదాకా విని, "ఇదంతా ఆయన సర్టిఫికెట్లలో ఉన్నదే కదా, మనిషేడీ?" అంది. నిజమే. ఆ కాగితాలు పక్కన పెట్టేసి ఫోన్ పట్టుకున్నాను.

మీరూ అదే చేయండి. ముందు ఆయనతో పనిచేసిన వాళ్లకు, తర్వాత ఆయన దగ్గర ఆట నేర్చుకున్న వాళ్లకు. ఈ వరుస కావాలనే చెబుతున్నాను. తోటి సైనికులంతా వయసులో పెద్దవాళ్లు, వాళ్లతో మాట్లాడటం వాయిదా వేయకండి. వాళ్లు సరేనంటే మాటలు ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి, ఎందుకంటే మీరున్న స్థితిలో విన్నది గుర్తుండదు. ఇంకొకటి, "నాన్న ఎలాంటివారు?" అని అడగకండి. నేను అడిగిన వాళ్లందరూ "బంగారం లాంటి మనిషమ్మా" అని ఆగిపోయారు. ఒకాయనను మాత్రం, ఎందుకో, "మిమ్మల్ని ఎప్పుడైనా తిట్టారా?" అన్నాను. నలభై నిమిషాలు మాట్లాడారు. నవ్వారు, మధ్యలో గొంతు పూడుకుపోతే ఆగారు, మళ్లీ మొదలుపెట్టారు.

అలా ఫోన్లు చేస్తుంటే ఒక విషయం మళ్లీ మళ్లీ వచ్చింది: లెక్క. నాన్న మనుషుల్ని లెక్కపెట్టేవారు. ప్రాక్టీస్ అయ్యాక పిల్లల్ని వరసలో నిలబెట్టి ఒకసారి, గేటు దాటేటప్పుడు ఇంకోసారి. టోర్నమెంటుకు బస్సులో వెళ్తే ప్రతి సీటూ చేత్తో తాకుతూ వెనకదాకా వెళ్లి, తిరిగి ముందుకు వస్తూ మళ్లీ లెక్క. ఆయన దగ్గర నేర్చుకున్న ప్రతి ఒక్కరూ ఇది చెప్పారు. ఇంట్లోనూ అంతే. రాత్రి తలుపు వేసే ముందు గదుల్లోకి తొంగి చూసేవారు, పెదవులు కదిలేవి. "ఉన్నది నలుగురమే కదా నాన్నా" అని మేం నవ్వేవాళ్లం. ఆయన ఏమీ అనేవారు కాదు. మిలటరీలో రోల్‌కాల్ అలవాటు, పోలేదు అనుకున్నాం.

ఆయనతో పాటు పనిచేసిన ఒక పెద్దాయన దానికి కారణం చెప్పారు. ఒక సాయంత్రం రోల్‌కాల్‌లో ఒక మనిషి తక్కువ వచ్చాడట. అక్కడి నుంచి తెల్లవారేదాకా జరిగింది ఆయన నాకు చెప్పారు. చెప్పి, "ఇది మీ నాన్న ఎవరికీ చెప్పలేదమ్మా, మీ అమ్మకు కూడా చెప్పి ఉండడు" అన్నారు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ముప్పై ఏళ్లు ఆయన ఆ రాత్రిని ఒక్కరే మోశారు. మేం నవ్వాం.

మీకూ ఇలాంటిది ఏదైనా తెలియవచ్చు. తెలిస్తే సభలో చెప్పాలా వద్దా అనేది మీరే తేల్చుకోవాలి. నేను చెప్పలేదు, ఇక్కడా చెప్పను. తాను బతికుండగా బయటపెట్టని దాన్ని, ఆయన లేనప్పుడు మైకు ముందు పెట్టే హక్కు నాకు లేదనిపించింది. లెక్కపెట్టడం గురించి మాత్రం చెప్పాను. మిలటరీ నుంచి వచ్చిన కొందరు తలలు దించుకున్నారు. కారణం వాళ్లకు విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇక ఆట. కోచ్ గురించి మాట్లాడేటప్పుడు ఆటను పక్కన పెట్టి "క్రమశిక్షణ నేర్పారు" అంటే ఏ కోచ్‌కైనా సరిపోయే మాట అవుతుంది. ఆయన ఆ ఆటలో ఏం చూశారో చెప్పండి. నాన్న వాలీబాల్ నేర్చుకున్నది మిలటరీలోనే. ఇందులో ఒకే మనిషి బంతిని వరసగా రెండుసార్లు తాకకూడదు, నెట్ దగ్గర ఎగిరి బంతిని అడ్డుకున్నప్పుడు, అంటే బ్లాక్ చేసినప్పుడు తప్ప. పట్టుకోకూడదు కూడా. వచ్చిన బంతిని నెట్ అవతలికి కొట్టకపోతే పక్కవాడికి ఇవ్వక తప్పదు. ఆటగాళ్లు వరసగా చోట్లు మారే రొటేషన్ వల్ల ఎవరూ ఒకే చోట దాక్కోలేరు, భయపడే పిల్లాడికి కూడా సర్వీస్ చేసే వంతు వస్తుంది. ఆ వంతు వచ్చినప్పుడు నాన్న అరిచేవారు కాదు, వెనక్కి వెళ్లి వాడి ఎదురుగా కనపడే చోట నిలబడేవారు. అంతే.

మగవాళ్ల నెట్ ఎత్తు 2.43 మీటర్లు, ఆడవాళ్లది 2.24. పిల్లలకు అంత ఎత్తు కడితే మొదటి వారంలోనే మానేస్తారని బాగా కిందికి కట్టేవారు. ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా రెండు మూడు నెలలకోసారి రెండు వేళ్ల ఎత్తు పెంచేవారు. ఈ సంగతి నాకు ఫోన్‌లో ఒక అమ్మాయి చెప్పింది. తను ఎగరడం నేర్చుకుంటున్నట్టు తనకే తెలియలేదట. 1998లో అంతర్జాతీయ ఆటలోకి లిబెరో వచ్చినప్పుడు ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది. వెనక వరసలో బంతి తీయడానికే ఉండే ఆటగాడు, స్మాష్ కొట్టాల్సిన పని లేదు. "పొట్టి పిల్లలకు చోటు దొరికింది" అని ఇంటికొచ్చి అమ్మకు చెప్పారు, జీతం పెరిగినంత సంతోషంగా.

మంచివే ఏరి చెప్పకండి. ఒకప్పుడు అలిగి టీమ్ వదిలేసిన కుర్రాడికి కూడా ఫోన్ చేశాను. ఇప్పుడు అతనికీ పిల్లలున్నారు. తోటివాణ్ణి ఎగతాళి చేశాడని ఫైనల్ మొత్తం నాన్న అతన్ని బయట కూర్చోబెట్టారట. "అది న్యాయమేనండి, కానీ ఇప్పటికీ బాధగానే ఉంది" అన్నాడు. నాకూ ఒక బాధ ఉంది. ఊళ్లో పిల్లలందరి మ్యాచ్‌లకూ వెళ్లిన మనిషి, నా స్కూల్ వార్షికోత్సవానికి ఒక్కసారీ రాలేదు. ఆ మైదానం మీద నాకు చాలా ఏళ్లు కోపం. సభలో ఈ రెండూ చెప్పాను. చెబుతుంటే ముందు వరసలో అమ్మ తల ఊపింది. అవి లేకపోతే మిగతాది నమ్మబుద్ధి అయ్యేది కాదు.

సర్వీస్ వివరాలు క్లుప్తంగా ఉంచండి, కానీ తప్పులు పోనివ్వకండి. యూనిట్ పేరు, సంవత్సరాలు, పతకాల పేర్లు డిశ్చార్జ్ కాగితాల్లో చూసి రాయండి. మన జ్ఞాపకం మీద ఆధారపడితే పొరపాటు జరుగుతుంది, సభలో ఉన్న ఆయన మిత్రులకు అది గుచ్చుకుంటుంది. నేను ఒక సంవత్సరం తప్పు రాసుకున్నాను, ముందురోజు తమ్ముడు పట్టుకున్నాడు.

ఎంతసేపు మాట్లాడాలని కూడా అడిగారు. నాది ఏడు నిమిషాలు వచ్చింది. పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసుకోండి, రెండు కాపీలు. రెండోది మీ పక్కన కూర్చునే వాళ్ల చేతిలో పెట్టండి. నేను బస్సులో సీట్లు తాకుతూ వెళ్లే మాట దగ్గరికి వచ్చేసరికి ఇక చదవలేకపోయాను. తమ్ముడు లేచి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, అక్కడి నుంచి చివరిదాకా వాడే చదివాడు.