విశాఖలో వేసవి: అమ్మడికి పెదనాన్న ఉత్తరం

చి. సౌ. అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

మే నెలలో మీ అత్తగారూ మామగారూ, ఆడపడుచు పిల్లలూ వస్తున్నారని రాశావు. నువ్వు పంపిన ప్లాన్ చూశాను. రోజుకు నాలుగు చోట్లు పెట్టావు. అందులో రెండు కొట్టెయ్. విశాఖ ఎండ హైదరాబాద్ ఎండలాంటిది కాదు. ఫోన్ 35 డిగ్రీలే చూపిస్తుంది, ఒంటికి మాత్రం నలభై దాటినట్టుంటుంది. గాలిలో తేమ వల్ల పట్టిన చెమట ఆరదు. పొద్దున, సాయంత్రం బయట తిరగండి, మధ్యాహ్నం మాత్రం ఎక్కడో ఒకచోట నీడపట్టున ఉండండి.

మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేచి కొండల వెనక దిగుతాడు. ఆ సంగతి మరిచిపోయి, సాయంత్రం నీళ్లకేసి చూస్తూ సూర్యాస్తమయం కోసం కూర్చునేవాళ్లను చాలామందిని చూశాను. మేలో ఐదున్నరలోపే సూర్యోదయం. ఐదింటికల్లా ఆర్‌కే బీచ్‌కి చేరిపోండి. పిల్లలు లేవమని గొడవ చేస్తారు, చేయనీ.

నీళ్ల సంగతే నాకు టెన్షన్. ఆర్‌కే బీచ్‌లోనూ యారాడలోనూ అల వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడ పోయారు. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఒక చోట మాత్రం ప్రశాంతంగా కనిపిస్తే, పిల్లల్ని అటే తీసుకెళ్లాలనిపిస్తుంది. నీళ్లు తిరిగి సముద్రంలోకి పరిగెత్తే దారి చాలాసార్లు అదే. ఎవరైనా అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈది అలిసిపోకూడదు. ఒడ్డు వెంబడే పక్కకు ఈది, ఆ లాగుడు తప్పాక బయటికి రావాలి. మీవాళ్లకు ఈ గొడవంతా ఎందుకు, మోకాళ్లు తడిస్తే చాలని చెప్పు. తడవాలని పట్టుబడితే రుషికొండ బీచ్‌కి తీసుకెళ్లి, కాపలా ఉన్నవాళ్ల కళ్లెదురుగా దింపు. మీ ఆయన్ని మాత్రం సెల్ఫీల కోసం రాళ్లెక్కనివ్వకు.

మధ్యాహ్నానికి కురుసుర ఉంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన జలాంతర్గామిని ఇసుకలోకి లాగి మ్యూజియం చేశారు. లోపల గుండ్రటి కంతల్లోంచి వంగి దూరాలి. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులన్నావు కదా, ఆవిడకు వద్దు. ఎదురుగా టీయూ-142 విమానం ఉంది, ఆవిడ అది చూస్తారు. సోమవారం జలాంతర్గామి చూపించరు, ఆ రోజు పెట్టుకోకు. విశాఖ మ్యూజియం కూడా ఆ రోడ్డులోనే ఉంది, ఓపికుంటే చూడండి.

సాయంత్రం నాలుగు దాటాక భీమిలి రోడ్డు పట్టండి. తొట్లకొండ మీద బౌద్ధుల విహారం పునాదులూ, రాతిలో తొలిచిన నీటి తొట్లూ, కింద పరుచుకున్న సముద్రమూ చూడాల్సినవి. అయితే పైన నీడ ఉండదు, అందుకే మిట్టమధ్యాహ్నం వద్దంటున్నాను. దారిలో తాటి ముంజలు కనబడితే ఆగండి. మరమరాలతో కలిపే మురీ మిక్స్‌చర్ మాత్రం బీచ్‌కి తిరిగొచ్చాకే.

సముద్రపు గాలి గురించి ఒక మాట. పొద్దెక్కేకొద్దీ నేల నీటికంటే తొందరగా కాగుతుంది. నేల మీది గాలి పైకి లేచి, ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. పడమటి గాలి బలంగా వీచిన రోజు ఆ చల్లగాలిని ఒడ్డెక్కనివ్వదు, అప్పుడిక ఊరు పెనమే. అలాంటి రోజు ప్లాన్ రద్దు చేసి ఇంట్లో మామిడిపళ్లు కోసుకోండి.

ఇక కచేరీలు, నాట్యాలు. కళాభారతిలోనో, సిరిపురం దగ్గర గురజాడ కళాక్షేత్రంలోనో ఏముందో పొద్దున పేపర్లో ‘నగరంలో నేడు’ చూస్తే తెలుస్తుంది. వైశాఖ పౌర్ణమి అన్నమయ్య జయంతి కాబట్టి ఆ రోజుల్లో సంకీర్తనల కార్యక్రమాలు వెతుకు. పిల్లలతో వెళ్తే పక్క వరసలో చివరి కుర్చీలు పట్టుకో. లేచి రావలసి వస్తే పాట మధ్యలో కాదు, చప్పట్లప్పుడు లేవాలి. మొదటి ఉపన్యాసాలు తప్పించుకోవాలంటే అరగంట ఆలస్యంగా వెళ్లు, నేను అదే చేసేవాణ్ని.

సింహాచలం సంగతి మీ మామగారు తప్పకుండా ఎత్తుతారు. అక్షయ తృతీయనాడు చందనం తీసి స్వామి నిజరూపం చూపిస్తారు, ఏడాదికి ఆ ఒక్క రోజే. ఆ పండుగ ఈసారి ఎప్పుడో పంచాంగంలో చూసుకో. మీవాళ్లు ఉన్నప్పుడే పడితే ఆయన వినరు, కానీ పిల్లల్నీ అత్తగారినీ ఆ క్యూలో నిలబెట్టకు. ఆయనతో మీ ఆయన్ని పంపు. మిగిలినవాళ్లు మరో వారం పనిదినం చూసుకుని పొద్దున్నే చందనరూపంలోనే దర్శనం చేసుకోవచ్చు. కొండకు బస్సులున్నాయి, కారు పార్కింగ్ కోసం తిరగక్కర్లేదు.

అరకు అడిగావు. దానికి రెండు రోజులు కావాలి, రైలు టికెట్లు ఇప్పుడే చూసుకో. దొరక్కపోతే ఈసారికి వదిలెయ్. సవరించిన ప్లాన్ పంపించు, చూసి చెప్తాను.

మీ పెదనాన్న