వన్‌టౌన్ కథ పన్నెండు బోర్డుల్లో

ప్రశ్న: మా వన్‌టౌన్ చరిత్ర మీద గ్రంథాలయం హాల్లో మూడు రోజుల ఎగ్జిబిషన్ పెడుతున్నాం. పాత ఫొటోలు అరవై దాకా పోగయ్యాయి, రాసుకున్న మేటరు ఇరవై పేజీలు. డబ్బులు పన్నెండు బోర్డులకే ఉన్నాయి. మా అబ్బాయి కంప్యూటర్‌లో డిజైన్ చేస్తానంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
- ఒక రిటైర్డ్ టీచర్, విశాఖపట్నం

జవాబు: టీచర్ గారూ, ఆ ఇరవై పేజీలు ఒక చిన్న పుస్తకంగా కుట్టించి బల్ల మీద పెట్టండి. కావలసినవాళ్ళు కూర్చుని చదువుకుంటారు. బోర్డు ముందు మనిషి నిలబడి ఉంటాడు, పక్కన పిల్లాడు చెయ్యి లాగుతుంటాడు. అందుకని బోర్డుకు ఒకే సంగతి, ఎనభై మాటలు దాటకుండా.

బాంబుల సంగతే తీసుకోండి. 'రెండో ప్రపంచ యుద్ధ కాలంలో' అని మొదలెడితే ఎవరూ ఆగరు. '1942 ఏప్రిల్ 6: విశాఖ మీద జపాన్ బాంబులు' అని పైన పెద్దక్షరాల్లో పెట్టండి. ఆనాడు ఊరు వదిలి వెళ్ళిన ఇంటి జ్ఞాపకం ఏదైనా మీకు చెప్పినవాళ్ళుంటే, వాళ్ళ మాటల్లోనే కింద రాయండి. 1933లో తెరిచిన హార్బరుకు ఒక బోర్డు, 1948లో నెహ్రూ చేతుల మీదుగా నీళ్ళలోకి దిగిన 'జల ఉష' ఓడకు ఇంకొకటి. తొట్లకొండ, బొజ్జన్నకొండ బౌద్ధ క్షేత్రాలు నాకూ ఇష్టమే. కానీ ఇది వన్‌టౌన్ కథ, వాటిని వదిలేయండి.

ఫొటోలను ఫోన్‌తో తీయొద్దు, స్కాన్ చేయించండి. ఆరంగుళాల ఫొటోను 1200 డీపీఐలో (అంటే అంగుళానికి 1200 చుక్కలు) స్కాన్ చేస్తే నాలుగడుగులకు పెంచినా 150 డీపీఐ మిగులుతుంది, బొమ్మ చెదరదు. ఫొటో వెనక వైపు కూడా స్కాన్ చేయించండి. అక్కడ పెన్సిల్‌తో రాసిన పేరో తేదీయో ఒక్కోసారి ముందున్న బొమ్మకన్నా ఎక్కువ చెబుతుంది. రంగులు మాత్రం అద్దించకండి. ఫొటో ఇచ్చిన ఇంటివాళ్ళ పేరు, వాళ్ళు సరేనంటే, కింద వేయండి.

అసలు జాగ్రత్త అక్షరాల దగ్గర. కొన్నేళ్ళ కిందట భీమిలి మీద ఒక ఎగ్జిబిషన్‌కి నేనే బోర్డులు చేశాను. నా కంప్యూటర్‌లో అంతా బాగుంది. ప్రింటింగ్ షాపులో ఫైలు తెరిచేసరికి ఫాంటు మారిపోయింది. ట కింద ఉండాల్సిన న వత్తు పక్కకొచ్చి పూర్తి అక్షరమై, 'విశాఖపట్‌నం' అని నాలుగడుగుల బోర్డు మీద అచ్చయింది. సొంత ఊరి పేరు అలా చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి మార్చకుండా ఏ ఫైలూ ఇవ్వను. అలా మారిస్తే అవి బొమ్మలైపోతాయి, ఏ షాపులోనూ విరగవు. ఆ తర్వాత దిద్దడం కుదరదు కాబట్టి మామూలు ఫైలు ఒకటి దాచమనండి మీ అబ్బాయిని.

ఇంగ్లీషు పోస్టర్ కొలతలు మనకు పనికిరావు. మన వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. అక్షరం 36 పాయింట్లయితే ఒక లైను అడుగు నుంచి తర్వాతి లైను అడుగు దాకా 54 ఉంచండి. ఇరికిస్తే పై లైను వత్తు కింది లైను గుడికి తగులుతుంది.

సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ పలక) మీద మ్యాట్ లామినేషన్, అంటే మెరవని పొర, అడగండి. గ్లాసీ అయితే ట్యూబ్‌లైటు వెలుగు మొహాన కొడుతుంది. మన సముద్రపు తేమకు డబుల్ టేపు నిలవదు, మేకులకు వేలాడదీయండి. బోర్డు మధ్యభాగం నేలకు అయిదడుగుల లోపే ఉండాలి.

పన్నెండూ ఒకేసారి ప్రింట్‌కి ఇవ్వకండి. ముందు ఒక్కటి తీయించి, ఫొటోలిచ్చిన పెద్దవాళ్ళలో ఒకరి చేత చదివించండి. వాళ్ళు ఏ లైను దగ్గర ముందుకు వంగితే, ఆ సైజు అక్షరాలను అన్ని బోర్డుల్లోనూ పెంచేయండి.