అన్నా, ఇక్కడి మక్క కంకులు మన లెక్క ఎందుకు ఉడుకుతలేవు?

తమ్మీ, హన్మకొండ నుంచి వచ్చి రెండు నెలలాయె అన్నవు, కంకులు తెచ్చి కుక్కర్ల ఆరు విజిల్స్ పెడితే గుజ్జయినయి అన్నవు. నేను 2009 ఆగస్టుల అమెరికాల ఇలినాయ్ రాష్ట్రానికి చదువుకోనీకి వచ్చి ఇవే తప్పులు చేసిన, అందుకే జర పొడుగ్గనే చెప్తున్న, ఓపికతోని చదువు.

అప్పుడు డాలర్‌కు 48 రూపాయలు. వచ్చిన నెలకే వాన పడుతుంటే కాల్చిన కంకి మీదికి పాణం పోయింది, మన దగ్గర సుబేదారిల బండి మీద నిప్పుల మీద కాల్చి నిమ్మకాయ చెక్క ఉప్పుకారంల అద్ది రుద్ది ఇస్తరు గదా, అట్ల తిందామని కరెంట్ పొయ్యి కాయిల్ మీద డైరెక్ట్‌గ పెట్టిన. పీచు అంటుకున్నది, పొగ లేసింది, అలారం బిల్డింగంత మోగింది. రాత్రి పదకొండింటికి చిన్నపిల్లలను ఎత్తుకొని అందరు బయట నిలబడ్డరు. అపార్ట్‌మెంట్ ఆఫీసోళ్లు 75 డాలర్లు కట్టమన్నరు. అంటే 3,600 రూపాయలు, మా బాపు బ్యాంకుల లోన్ తీసి పంపిన పైసలు అవి. వారం రోజులు నిద్ర పట్టలే.

మళ్ల జనవరిల ఆకులు తీసి ప్లాస్టిక్ చుట్టిన నాలుగు కంకులు నాలుగు డాలర్లకు కొన్న. అమ్మ లెక్క ఉప్పు పసుపు వేసి అరగంట ఉడకబెట్టిన. నోట్లె పెడితే పైన తోలు, లోపల నీళ్లు. పారేయనీకి మనసు రాక రెండు రోజులు అవే తిన్న.

సంగతేందంటే మన మక్కలల్ల పిండి ఎక్కువ, అందుకే అంతసేపు ఉడకాలె. ఇక్కడ దొరికేది స్వీట్ కార్న్, అందుల చక్కెర ఎక్కువ, గింజ తోలు పల్చన. నీళ్లు మంచిగ మసిలినంక వేసి నాలుగైదు నిమిషాలకు తియ్యాలె, గంతే. కుక్కర్ అక్కర్లేదు. తెంపినప్పటి నుంచి ఆ చక్కెర పిండిగ మారుకుంట పోతది కాబట్టి తెచ్చిన రోజే వండు, లేకుంటే ఆకులు తియ్యకుండ ఫ్రిజ్‌ల పెట్టు.

ఒక్కనివే ఉంటే మైక్రోవేవ్ చాలు. ఆకులతోనే ఒక కంకి నాలుగు నిమిషాలు పెట్టు, తీసినంక కాడ దిక్కు ఒక అంగుళం మేర గింజలతో సహా అడ్డంగ కోసి, బట్టతోని కొస పట్టుకొని కిందికి పిండు, పీచు లోపలనే ఉండి కంకి ఒక్కటే జారి బయటికొస్తది. కాల్చినట్టు కావాలంటే ఓవెన్‌ల బ్రాయిల్ మీద, అంటే పైనుంచి సెగ తగిలే సెట్టింగ్ మీద పెట్టి, దగ్గరనే ఉండి తిప్పుకుంట పది నిమిషాలు. బాల్కనీల బొగ్గుల పొయ్యి సంగతి నీ లీజ్ కాగితాలల్ల చూసుకో.

జులై నుంచి సెప్టెంబర్ దాక కొను, అప్పుడు మా దిక్కు అగ్గువకు దొరుకుతయి. స్టోర్ల ఆకులు విప్పి చూడకు, బొటనవేలుతోని మీద నుంచే నొక్కు, కొస దాక గింజ తగలాలె, పీచు గోధుమ రంగుల జిగటగ ఉండాలె. ఒకేసారి ఇరవై తెచ్చుకో, ఉడకబెట్టి గింజలు కోసి ఫ్రీజర్‌ల పెట్టుకో, చలికాలమంత వస్తయి. మీరు వచ్చీ రాంగనే డెలివరీ యాప్‌లల్ల పదిహేను డాలర్ల తిండి తెప్పించుకుంటున్నరు, దాన్ని ఒక్కసారి రూపాయలల్ల లెక్కగట్టి చూడు. లోన్ వడ్డీ ఆగదు తమ్మీ.

రోడ్డు పొంట కనిపించే చేన్లు మాత్రం ముట్టకు. అవి పశువుల దాణాకు, పెట్రోల్‌ల కలిపే ఎథనాల్‌కు వేసేటియి, మన మక్కలకు దగ్గరివి అవే, చూస్తే మస్తు ఆశ పుడ్తది, కానీ పరాయి రైతు పంట.

గారెలకైతే స్వీట్ కార్న్‌ల నీళ్లెక్కువ, చుక్క నీళ్లు పొయ్యకుండ పచ్చిమిర్చి, అల్లం, జిలకర వేసి బరకగ రుబ్బు, బియ్యప్పిండి, శెనగపిండి చెరో రెండు చెంచాలు కలుపు. ముందు ఒక్కటే వేసి చూడు, నూనెల విచ్చుకుంటే ఇంకో చెంచా పిండి కలుపు.