షుగరు సంగతి ఆయనకు ఎప్పుడు తెలిసింది? మీ కేసంతా ఆ తేదీలోనే ఉంది

ప్రశ్న: నా వయసు 34. మాది కావలి దగ్గర పల్లె. పదిహేనో ఏట నుంచి షుగరు ఉంది, రోజుకు మూడుసార్లు ఇన్సులిన్ వేసుకోవాలి. 2017 మేలో పెళ్లయింది, నెల్లూరులో కాపురం. పెళ్లి కుదిర్చిన మధ్యవర్తికి మా నాన్న జబ్బు సంగతి చెప్పారు, పెళ్లికొడుకుకు నేరుగా చెప్పలేదు. 2019 నవంబరులో పాప పుట్టింది. మందుల ఖర్చు భరించలేమంటూ 2023 ఆగస్టులో నన్నూ పాపనూ పుట్టింటికి పంపేశారు. నాన్న రొయ్యల గుంటల్లో నష్టపోయారు. నేను బట్టలు కుట్టి నెలకు నాలుగైదు వేలు సంపాదిస్తాను, మందులకే నాలుగు వేలవుతుంది. డబ్బు చాలని నెలలో సూది మానేస్తున్నాను. జబ్బు దాచి పెళ్లి చేశారని, తనకు 2025 మార్చిలో బీరువాలో పాత చీటీ దొరికితేనే తెలిసిందని చెప్పి, పెళ్లి రద్దు చేయమంటూ ఆయన 2025 జూన్‌లో నెల్లూరు ఫ్యామిలీ కోర్టులో కేసు వేశారు. రెండుసార్లు రిజిస్టరు కవరు వస్తే నాన్న భయపడి తీసుకోలేదు. ఇప్పుడు పెద్దమనుషులు మూడు లక్షలు ఇప్పిస్తాం, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టమంటున్నారు. వాళ్లిచ్చిన పిటిషను నకలు, ఒప్పందం నకలు జతచేశాను. షుగరు ఉంటే పెళ్లి చెల్లదా? ఆ డబ్బు తీసుకోమంటారా?
ఒక సోదరి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం ఆరు పేజీలు. అత్తగారు అన్న మాటలు, ఆడపడుచు పెళ్లిలో జరిగిన అవమానం, మిమ్మల్ని బస్సెక్కించిన రోజు పాప ఏడ్చిన ఏడుపు, అన్నీ చదివాను. వాటిలో ఏదీ ఈ కేసును తేల్చదు. తేల్చేది నాలుగో పేజీ అడుగున మీరు మాటవరసకు రాసిన ఒక్క వాక్యం. “కాన్పు రాత్రి ఆసుపత్రిలో ఇన్సులిన్ అయిపోతే ఆయనే ట్రంకు రోడ్డులో మెడికల్ షాపు తెరిపించి తెచ్చారు” అని రాశారు. ఆ రాత్రి 2019 నవంబరులో. ఆయన కేసు వేసింది 2025 జూన్‌లో. నాకు కావలసింది ఈ రెండు తేదీలే.

మీ ప్రశ్నకు ముందు సూటిగా జవాబు చెబుతాను. 1955 నాటి హిందూ వివాహ చట్టం 13వ సెక్షనులో విడాకులకు చెప్పిన కారణాల్లో షుగరు లేదు. కుష్ఠు ఒకప్పుడు ఉండేది, 2019లో దాన్నీ తీసేశారు. మీ భర్త విడాకులు అడగలేదు. 12వ సెక్షను కింద, ముఖ్యమైన విషయం దాచి మోసంతో నా సమ్మతి తీసుకున్నారు కాబట్టి పెళ్లినే రద్దు చేయండి అన్నారు. ఆ సెక్షనులోనే రెండు అడ్డుకట్టలు ఉన్నాయి. మోసం బయటపడిన తరువాత ఏడాది దాటాక వేసిన పిటిషనును కోర్టు స్వీకరించకూడదు. మోసం తెలిసి కూడా ఇష్టపూర్వకంగా భార్యాభర్తలుగా కలిసి ఉంటే అప్పుడూ స్వీకరించకూడదు. ఆయనకు 2019 నవంబరులో తెలిసి ఉంటే 2020 నవంబరుతో గడువు ముగిసింది. తెలిసిన తరువాత దాదాపు నాలుగేళ్లు మీతో కాపురం కూడా చేశారు. ఇది రుజువైతే పెళ్లికి ముందు ఎవరు ఎవరికి చెప్పారన్న తగాదాలోకి కోర్టు దిగాల్సిన పనే ఉండదు.

పిటిషనులో 2025 మార్చి అని ఎందుకు రాయించారో ఇప్పుడు మీకు అర్థమై ఉండాలి. ఏడాది లోపు తేదీ కావాలి, అందుకు బీరువా తెరిచారు. రెండు గదుల అద్దె ఇంట్లో ఆరేళ్లు, రోజుకు మూడు సూదులు వేసుకునే మనిషి జబ్బు పక్కన పడుకునే భర్తకు తెలియదంటే నమ్మబుద్ధి కాదు. కానీ నమ్మబుద్ధి కాకపోవడం వేరు, కోర్టులో రుజువు కావడం వేరు. ఆయన ప్రమాణం చేసి చెప్పిన మాటను కాదనే మనిషి కోర్టులో లేకపోతే ఆ మాటే రికార్డులో నిలుస్తుంది.

ఇక్కడే మీ మీదా మీ నాన్నగారి మీదా నాకు కోపం వచ్చింది. కవరు తీసుకోకపోతే కేసు ఆగిపోతుందని ఎవరు చెప్పారు? “తీసుకోవడానికి నిరాకరించారు” అని పోస్టుమ్యాన్ రాసి వెనక్కి పంపితే నోటీసు అందినట్టే కోర్టు లెక్కవేస్తుంది. తరువాత మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేస్తుంది, అంటే మీరు లేకుండానే కేసు నడిపిస్తుంది. గెలవాల్సిన కేసులు విప్పని కవరు వల్ల పోవడం ఈ కోర్టు వరండాలో నేను చాలాసార్లు చూశాను. మీదీ ఆ దారిలోనే ఉంది.

ఈకోర్ట్స్ వెబ్‌సైటులో మీ పేరుతోనో ఆయన పేరుతోనో వెతికితే కేసు ఏ దశలో ఉందో, తదుపరి వాయిదా ఎప్పుడో కనిపిస్తుంది. ఈ రోజే చూడండి. ఎక్స్‌పార్టీ మాత్రమే చేసి, తీర్పు ఇంకా రాకపోతే వాయిదా రోజునో అంతకు ముందో హాజరై, కారణం చూపి, ఆ ఉత్తర్వు తీసేయమని అర్జీ వేయాలి. దానితో పాటే కౌంటరు, అంటే ఆయన పిటిషనుకు మీ జవాబు, దాఖలు చేయాలి. డిక్రీ, అంటే కోర్టు తుది ఉత్తర్వు, వచ్చేసి ఉంటే దాన్ని రద్దు చేయమని అడగడానికి గడువు 30 రోజులు. సమన్లు సరిగా అందనివారికి ఆ 30 రోజులు విషయం తెలిసిన రోజు నుంచి లెక్క. కవరు నిరాకరించినవారు ఆ వెసులుబాటు అడగడం కష్టం, డిక్రీ తేదీ నుంచే లెక్కవేసుకోండి. గడువు దాటితే ఆలస్యానికి సంజాయిషీ ఇవ్వాలి, “నాన్న భయపడ్డారు” అన్నది బలమైన సంజాయిషీ కాదు.

కౌంటరులో అబద్ధం ఒక్కటీ వద్దు. మధ్యవర్తికి చెబితే పెళ్లికొడుకుకు చెప్పినట్టు కాదు. పెళ్లిచూపుల రోజే ఆయనతో చెప్పామని రాయించాలని మీ బంధువులు సలహా ఇస్తున్నారట. క్రాస్ ఎగ్జామినేషనులో మీ నాన్నగారు రెండో ప్రశ్నకే తడబడతారు, అప్పుడు మీరు చెప్పే నిజం కూడా అబద్ధంలా కనిపిస్తుంది. మధ్యవర్తికి చెప్పామని ఉన్నదున్నట్టు రాయండి. బలం పెట్టాల్సింది పెళ్లి తరువాత ఆయనకు తెలిసిన తేదీ మీద.

ఆ తేదీకి సాక్ష్యం ఎక్కడుంది? మొదటిది కాన్పు ఫైలు. డిశ్చార్జి సమ్మరీలో మీ షుగరు, ఇన్సులిన్ మోతాదు రాసి ఉంటాయి. సిజేరియన్ అని రాశారు కదా, దానికి సమ్మతి పత్రం మీద మీ భర్త సంతకం ఉండాలి. ఆ కాగితం మీ దగ్గర ఉండదు, ఆసుపత్రి కేసు షీటులో ఉంటుంది. వైద్యుల వృత్తి నియమావళి 2002 ప్రకారం లోపలి రోగుల రికార్డులను మూడేళ్లు భద్రపరిస్తే చాలు, మీ కాన్పుకు ఆ మూడేళ్లు ఎప్పుడో దాటాయి. కొన్ని ఆసుపత్రులు తరువాత కూడా ఉంచుతాయి, కొన్ని తూకానికి అమ్మేస్తాయి. రేపే వెళ్లి రాతపూర్వకంగా అడగండి, అడిగినట్టు మీ నకలు మీద ముద్ర వేయించుకోండి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని ఆ నియమావళిలోనే ఉంది. ఇవ్వకపోతే కోర్టు ద్వారా తెప్పించమని అర్జీ వేయవచ్చు. గర్భిణిగా ఉన్నప్పుడు ఇచ్చిన తల్లీబిడ్డల కార్డును కూడా వెతకండి.

రెండోది, కాపురం పెట్టిన కొత్తలో మీకు ఫ్రిజ్ లేదని, ఇన్సులిన్ సీసాలు పై వాటాలో ఇల్లుగలామె ఫ్రిజ్‌లో పెట్టేవారని, ఉదయం మీ భర్తే మెట్లెక్కి తెచ్చేవారని రాశారు. ఆ ఇల్లుగలామె మీకు దొరికిన మంచి సాక్షి. ఆమెకు మీ వైపు బంధుత్వం లేదు, మీ భర్తతో పగ లేదు. ఆ ఫ్రిజ్ తలుపు అరలో గుడ్ల పక్కన పెట్టిన సీసాను ఆయన చేత్తో తీయడం ఆమె కళ్లారా చూసింది. ఇది 2017 నాటి మాట, కాన్పు కంటే రెండేళ్లు ముందు. వెళ్లి కలవండి, వచ్చి నిజం చెప్పమని మాత్రం అడగండి, ఏం చెప్పాలో నేర్పవద్దు.

మూడోది మీ పాత ఫోను. అద్దం పగిలిందని మార్పిడికి ఇవ్వబోతున్నానన్నారు, ఇవ్వవద్దు. “స్ట్రిప్పులు దొరకలేదు, రేపు తెస్తా” అని ఆయన పంపిన వాట్సాప్ సందేశం ఒక్కటి ఉన్నా చాలు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువీకరణ పత్రం జతచేయాలి, అది మీ లాయరు చూసుకుంటారు. ఫోను మాత్రం మీ దగ్గర ఉండాలి. ఆయన కంపెనీ ఆరోగ్య బీమాలో మీ పేరు ఉండేదన్నారు, దరఖాస్తులో మీ జబ్బు రాసి ఉంటే దాన్నీ తెప్పించవచ్చు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షను ప్రకారం వివాదం తేల్చడానికి పనికొస్తుందనుకున్న ఏ కాగితాన్నయినా ఆ కోర్టు చూడవచ్చు. అందువల్ల ఇది పనికిరాదని మీరే నిర్ణయించి దేన్నీ పారేయవద్దు.

ఇక మూడు లక్షల కాగితం. ఆ సంతకం పెట్టవద్దు. ఎవరు అడిగినా, ఎవరు కన్నీళ్లు పెట్టుకున్నా పెట్టవద్దు. మీరు పంపిన నకలులో మూడో పేరా చదివారా? “నాకున్న వ్యాధిని నా భర్తకు తెలియకుండా దాచి వివాహం చేసుకున్నాను, ఆయనకు ఈ సంవత్సరమే తెలిసినది” అని మీ నోట చెప్పిస్తున్నారు. మీ కేసు నిలిచేది ఏ తేదీ మీదో, ఆ తేదీనే మీ సంతకంతో తుడిచేసే వాక్యం అది. రేపు డబ్బు ఇవ్వకుండానే ఆ కాగితాన్ని కోర్టులో పెడితే మీరేం చెబుతారు? కింద “పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్నాము” అని ఇంకొకటి ఉంది. అలా విడిగా ఉంటున్న భార్యకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను కింద మనోవర్తి రాదు. చివరన పాప పోషణ కూడా అడగనని రాయించారు. పాప హక్కును వదిలేసే అధికారం మీకు లేదు, వాళ్లకూ లేదు. పెళ్లి రద్దయినా పాప ఆ దంపతుల చట్టబద్ధమైన బిడ్డే. అయినా ఆ కాగితంతో విడాకులు రావు, మీరు ఇద్దరూ చట్టం దృష్టిలో భార్యాభర్తలుగానే ఉంటారు.

లెక్క కూడా చూడండి. మందులకే నెలకు నాలుగు వేలంటే మూడు లక్షలు ఆరేళ్ల మూడు నెలల్లో అయిపోతాయి. అప్పటికి మీకు నలభై, పాపకు పన్నెండు. తరువాత?

విడిపోవాలని మీకే ఉంటే దానికి వేరే దారి ఉంది. హిందూ వివాహ చట్టం 13బి సెక్షను కింద పరస్పర అంగీకార విడాకులకు ఇద్దరూ కలిసి పిటిషను వేయవచ్చు. జడ్జి ముందు వాంగ్మూలం ఇస్తారు, మీకు ఇంత, పాపకు ఇంత అని విడివిడిగా రాసుకుంటారు, డబ్బు డీడీ రూపంలో కోర్టులోనే చేతికి తీసుకుంటారు. అప్పుడు బేరం మీ చేతిలో ఉంటుంది, ఎందుకంటే రద్దు కేసు నిలవదని ఆయన లాయరుకు కూడా తెలుసు.

మనోవర్తి విషయంలో మీరు చేసిన ఆలస్యం మామూలుది కాదు. 2023 ఆగస్టు నుంచి ఒక్క అర్జీ లేదు. 2020లో రజనేష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం మనోవర్తి అర్జీ వేసిన తేదీ నుంచి ఇస్తారు, పంపేసిన రోజు నుంచి కాదు. వేయని ప్రతి నెలా పోయినట్టే. ఈ రద్దు కేసులోనే హిందూ వివాహ చట్టం 24వ సెక్షను కింద మధ్యంతర మనోవర్తి, కోర్టు ఖర్చులు అడగండి. నోటీసు అందాక 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. మీకూ పాపకూ కలిపి 144వ సెక్షను కింద మీరు ఉంటున్న చోటే వేయవచ్చు. వైద్య ఖర్చుల కోసం గృహహింస చట్టం 20వ సెక్షను కూడా ఉంది. ఆస్తిఅప్పుల అఫిడవిట్‌లో కుట్టుపని ఆదాయం దాచవద్దు, నాలుగైదు వేలు రాసినంత మాత్రాన మనోవర్తి పోదు, దాచినట్టు దొరికితే నమ్మకం పోతుంది. ఉత్తర్వు వచ్చాక ఆయన ఆపేస్తే మళ్లీ మౌనంగా కూర్చోకండి. 144 కింద బాకీ పడిన ఒక్కో నెలకు ఏడాది లోపు వసూలు అర్జీ వేస్తేనే వారెంటు వస్తుంది.

ఖర్చుకు రుజువు కావాలి. బిల్లు లేకుండా తీసుకుంటే పది రూపాయలు తగ్గిస్తున్నారని విడిగా కొంటున్నారట. ఇక నుంచి మీ పేరుతో బిల్లు అడగండి. మెడికల్ షాపు బిల్లుల మీది అక్షరాలు వేడికి మాసిపోతాయి, వచ్చిన రోజే జిరాక్సు తీయించండి.

సూది మానేస్తున్నానన్న మాట లాయరుగా కాకపోయినా మనిషిగా నేను వదిలేయలేను. చిన్నతనం నుంచి ఇన్సులిన్ మీదే ఉన్నవారు మానేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మనోవర్తి వచ్చేదాకా నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో, దగ్గరున్న ప్రభుత్వ ఆసుపత్రిలోనో ఓపీ చీటీ రాయించుకుని ఇన్సులిన్ తీసుకోండి. తేదీ, మోతాదు ఉన్న ఆ చీటీ కోర్టుకూ పనికొస్తుంది.

లాయరు ఫీజుకు డబ్బు లేదని వెనకాడవద్దు. న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆదాయంతో పని లేకుండా ప్రతి మహిళకూ ఉచితంగా లాయరును ఇస్తారు. నెల్లూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోను చేయండి.

సోమవారం ఉదయమే నెల్లూరు కోర్టుకు బయలుదేరండి. పాప కాన్పు ఫైలు, పాత ఫోను, ఆధార్, పెళ్లి ఫొటో, ఒప్పందం నకలు ఒకే సంచిలో పెట్టుకోండి. సూది వేసుకుని టిఫిను తినే రండి. మధ్యాహ్నం సూది మందును తడిగుడ్డ చుట్టిన డబ్బాలో, రెండు గ్లూకోజు ప్యాకెట్లను చేతిసంచి పై జేబులో ఉంచుకోండి. వాయిదా రోజున కేసు పిలిచేసరికి ఒంటిగంట దాటవచ్చు, అన్నం వేళ తప్పకూడదని మీ లాయరుతో ముందే చెప్పించండి.