సిస్టమ్ సున్నా ఇస్తేనే పని అయినట్టు

బెంగళూరు, మల్లేశ్వరం

చి. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

వైట్‌ఫీల్డ్‌లో మీ చిప్ డిజైన్ టీమువాళ్ల రాత్రి నడిచే పెర్ల్ (Perl అనే ప్రోగ్రామింగ్ భాష) స్క్రిప్టు నీ చేతికొచ్చిందనీ, లాగ్‌లో ఏ ఎర్రరూ లేకపోయినా రిపోర్టు ఖాళీగా ఉంటోందనీ మీ అమ్మ చెప్పింది. అడగాల్సిన చోట అడగకపోతే పెర్ల్ తనంతట తాను చెప్పదమ్మా.

ముందు ఫైలు తెరిచే ఓపెన్ (open) లైన్లు చూడు. బ్రాకెట్లు లేకుండా రాసి, చివర || పెట్టి, స్క్రిప్టుని ఆపేసే డై (die) రాస్తే, ఆ గుర్తు పక్కనున్న ఫైలు పేరుకే అతుక్కుంటుంది. పేరు ఎలాగూ ఖాళీ కాదు కనుక డై ఎన్నటికీ నడవదు. అక్కడ || బదులు ఆర్ (or) అనే మాట వాడు. డై మెసేజ్‌లో ఫైలు పేరు, ఎర్రరు కారణం ఉండే $! రెండూ ఉండాలి. $! అంకె లినక్స్‌లో 2 అయితే ఫైలు లేదు, 13 అయితే పర్మిషన్ లేదు, 28 అయితే డిస్కు నిండింది. మధ్యలో ఇంకో ఫంక్షన్ నడిస్తే ఆ విలువ మారిపోవచ్చు, వెంటనే వేరే వేరియబుల్‌లో దాచుకో. మెసేజ్ చివర న్యూలైన్ పెట్టకు, లైన్ నంబరు పెర్లే చేరుస్తుంది.

రాసే ఫైలు క్లోజ్‌ని చాలామంది వదిలేస్తారు. నీ ఖాళీ రిపోర్టు విషయంలో నా అనుమానం దానిమీదే. ప్రింట్ చేసింది మొదట బఫర్‌లో, అంటే మెమరీలో, ఉంటుంది. డిస్కు నిండిన సంగతి తరచు క్లోజ్ దగ్గరే బయటపడుతుంది. అక్కడా ఆర్ డై ఉండి తీరాలి.

బయటి కమాండు నడిపే సిస్టమ్ (system) లెక్క తలకిందులు. పని జరిగితే సున్నా ఇస్తుంది. దానికి ఓపెన్ లాగే ఆర్ డై తగిలిస్తే బాగా నడిచినప్పుడే చచ్చిపోతుంది. == 0 అని పోల్చి, ఆపైన ఆర్ డై రాయి. తప్పినప్పుడు, కమాండు ఎలా ముగిసిందో చెప్పే $? ని ఈ వరసలోనే విప్పు. -1 అయితే కమాండు మొదలే కాలేదు, కారణం $! లో ఉంటుంది. కాకపోతే $? & 127 చూడు. సున్నా కాకుంటే ఆ నంబరు సిగ్నల్ (ప్రోగ్రాంకి బయటినుంచి వచ్చే సంకేతం) చంపిందన్నమాట. 9 వస్తే మెమరీ చాలక లినక్స్ కెర్నలే చంపిందేమో చూడాలి. అదీ కాదంటే $? >> 8 అసలు ఎగ్జిట్ కోడ్, అంటే కమాండు ముగుస్తూ ఇచ్చిన అంకె. $? లో 256 కనబడితే కంగారుపడకు, ఎగ్జిట్ కోడ్ 1 అన్నమాట.

కమాండును ఒకే స్ట్రింగుగా ఇస్తే, అందులో పైపు గుర్తో నక్షత్రమో ఉన్నప్పుడు మధ్యలో షెల్ (కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాం) దూరుతుంది. అప్పుడు కమాండు దొరక్కపోయినా -1 రాదు, ఎగ్జిట్ కోడ్‌గా 127 వస్తుంది. పైపులో మొదటి కమాండు చెడినా చివరిది బాగుంటే సున్నాయే చేతికొస్తుంది. అందుకే ప్రోగ్రాం పేరు, ఆర్గ్యుమెంట్లు విడివిడిగా లిస్టులా ఇవ్వు. ఫైలు పేర్లలో ఖాళీలున్నా ఇబ్బంది ఉండదు. వేళకి స్క్రిప్టు నడిపే క్రాన్ (cron)లో పాత్, అంటే ప్రోగ్రాంలను వెతికే ఫోల్డర్ల జాబితా, చాలా చిన్నది, ప్రోగ్రాంకి పూర్తి దారి రాయి.

5.10.1 వెర్షన్ నుంచి ఆటోడై (autodie) అనే మాడ్యూల్ పెర్ల్‌తోనే వస్తోంది. ఓపెన్, క్లోజ్ తనే చూసుకుంటుంది, తప్పక పెట్టుకో. సిస్టమ్‌ని మాత్రం మామూలుగా పట్టించుకోదు. దానికి :ఆల్ (:all) అని అడగాలి, పెర్ల్ మాడ్యూళ్లు దొరికే సీప్యాన్ (CPAN) నుంచి ఐపీసీ::సిస్టమ్::సింపుల్ (IPC::System::Simple) కూడా వేసుకోవాలి. ప్రింట్‌ని అసలే చూడదు.

మార్చాక కావాలని చెడగొట్టి చూడు. లినక్స్‌లో డెవ్ కింద ఫుల్ (/dev/full) అనే, ఎప్పుడూ నిండినట్టే చెప్పే ఫైలుంటుంది, రిపోర్టు దానిలోకి రాయించు. నాలుగు లైన్లకి ప్రింట్ నోరెత్తదు, క్లోజ్ దగ్గర డిస్కు నిండిందన్న ఎర్రరు (28) రావాలి. కమాండు స్థానంలో ఎప్పుడూ విఫలమయ్యే ఫాల్స్ (false) పెడితే ఎగ్జిట్ కోడ్ 1 రావాలి. ఈ రెండూ లాగ్‌లో పడేదాకా స్క్రిప్టుని మళ్లీ క్రాన్‌లో పెట్టకు.

మావయ్య